గుండె ఇంధనమును నీలిరంగుతో కొలిచిన భీమవరపు వైద్యుడు

మనిషి గుండె బరువు సుమారు 300 గ్రాములు. అది దినమునకు ఇంచుమించు లక్ష సారులు ముడుచుకొనుచు, ఊరక కూర్చున్నవానిలో కూడ నిమిషమునకు 5 లీటర్ల రక్తమును త్రోయుచుండును. ఇంత పనికి శక్తి ఎక్కడిదని తరగతిలో అడిగినచో పిల్లలు "తిన్న అన్నములోనిది" అని చెప్పుదురు. ఆ సమాధానము తప్పు కాదు. కాని దానితో ఒక చిక్కు విడిపోదు.

1935లో అమెరికాలోని క్లీవ్‌లండు నగరమున టెనంటు, విగ్గర్సు అను ఇద్దరు శాస్త్రజ్ఞులు కుక్క గుండెకు రక్తము తెచ్చు ధమనిని ముడివేసి చూచిరి. ఒక నిమిషము గడచునప్పటికి ఆ ధమని పోషించు కండరభాగము ముడుచుకొనుట మానెను. మిగిలిన గుండె ముడుచుకొనునప్పుడు ఆ భాగము బుడగవలె వెలుపలికి ఉబ్బుచుండెను. అయినను అది చచ్చిన కండరము కాదు. పదిహేను ఇరువది నిమిషములలోపల రక్తము మరల వదలినచో అది కోలుకొనును. దానిలో చక్కెర నిలువలు ఉన్నవి, క్రొవ్వు ఉన్నది. మరి ఒక్క నిమిషములో పని ఏల మానెను? ఇంటినిండ ధాన్యముండగా పొయ్యి ఆరిపోయినట్లున్నది ఈ సంగతి.

ఈ చిక్కు విడిపోవుటకు వలసిన మొదటి పోగు అంతకు ఎనిమిదేండ్లకు ముందే బోస్టను నగరములో దొరకి ఉండెను. అది మన భీమవరమువాడైన యల్లాప్రగడ సుబ్బారావుగారి చేతికి దొరకినది.

సుబ్బారావుగారి పేరు చెప్పగానే మన పుస్తకములలో ఫోలికామ్లము, ఆరియోమైసిను, బోదకాలు మందు వచ్చును. అవి అన్నియు ఆయన జీవితపు ఉత్తరార్ధములోనివి. ఆ మందులకు పూర్వము ఆయన కొన్నేండ్లు కండరములో భాస్వరము ఏ రూపమున ఉన్నదో, రక్తములో ఎంత ఉన్నదో కొలుచు పనిలో గడపిరి. ఆ పని గుండెజబ్బుల చరిత్రలో ఎక్కడ చేరినదో తెలుపుటయే ఈ వ్యాసపు ఉద్దేశ్యము.

ఆయన 1895 జనవరి 12న భీమవరములో జన్మించిరి. మెట్రిక్యులేషను మూడవ ప్రయత్నమున గట్టెక్కిరి. సోదరులు స్ప్రూ అను ప్రేగుల వ్యాధితో చనిపోవుట ఆయనను వైద్యమువైపు త్రిప్పెనందురు. మద్రాసు వైద్యకళాశాలలో చదువుచు ఖద్దరు ధరించుట ఒక ఆంగ్లేయ ఆచార్యునికి సరిపడనందున ఆయనకు పూర్తి పట్టమునకు బదులు ఎల్.ఎం.ఎస్. యోగ్యతాపత్రము మాత్రమే చేతికి వచ్చెను. కొంతకాలము మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణశాస్త్రము బోధించి, 1923లో బోస్టను చేరి హార్వర్డులో ఉష్ణమండల వైద్యము చదివిరి. పొట్టపోసికొనుటకు ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్ర పాత్రలు కడిగిరి. ఆ డిప్లొమా ముగిసిన పిదప హార్వర్డు వైద్యకళాశాల జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్కె అను ఆచార్యుని వద్ద పనికి కుదిరిరి.

ఫిస్కె ఆయనకు ఇచ్చిన పని వినుటకు అంత గొప్పది కాదు. రక్తములోను, మూత్రములోను భాస్వరమును కొలుచుటకు నమ్మదగిన పద్ధతి ఒకటి కావలెను, అంతే.

పాఠశాలలో రసాయన ప్రయోగములు చేయించు ఉపాధ్యాయులకు దీనిలోని మొదటి మెట్టు తెలిసినదే. ఫాస్ఫేటు లవణపు ద్రావణమునకు నత్రికామ్లమును, అమ్మోనియం మాలిబ్డేటును చేర్చి వెచ్చచేసినచో పసుపుపచ్చని అవక్షేపము వచ్చును. ఫాస్ఫేటు ఉన్నదని చెప్పుటకు అది చాలును. ఎంత ఉన్నదని చెప్పుటకు చాలదు. ఒక బొట్టు రక్తములోని భాస్వరమును తూచుట త్రాసుకు అందని పని. అందుచే ఫాస్ఫేటు మాలిబ్డేటుతో కలిసి ఏర్పడిన పదార్థమును క్షయకరణము చేసి నీలిరంగుగా మార్చి, ఆ రంగు గాఢతను తెలిసిన ద్రావణపు గాఢతతో పోల్చుట అను ఉపాయము అప్పటికే వాడుకలో ఉండెను. చిక్కేమనగా, హైడ్రోక్వినోను వంటి పాత కారకములతో రంగు మెల్లగా వచ్చెడిది, నిలకడ తక్కువ, ద్రావణములోని ఇతర లవణములు దానిని చెరచెడివి.

ఫిస్కె, సుబ్బారావుగార్లు అమైనోనాఫ్తాల్ సల్ఫోనికామ్లమను కారకమును ఎంచుకొనిరి. దీనితో రంగు కొద్ది నిమిషములలోనే పూర్తిగా తేరుకొనును. 1925లో ఈ పద్ధతి ప్రచురితమయ్యెను. పిదప అనేక దశాబ్దముల పాటు ప్రపంచములోని ఆసుపత్రి ప్రయోగశాలలలో రక్తపు భాస్వరమును దీనితోనే కొలిచిరి. రక్తములోని ఫాస్ఫోలిపిడులను లెక్కించుటకు కూడ ఇదియే ఆధారమయ్యెను. జీవరసాయనశాస్త్రములో అత్యధికముగా ఉదాహరింపబడిన వ్యాసములలో అది ఒకటి. కొలత పద్ధతులు కనుగొన్నవారికి మనము విగ్రహములు పెట్టము. కాని కొలత లేనిచో తరువాతి కథ ఏదియు లేదు.

ఇక కండరము సంగతి. కండరమును నూరి, ఆమ్లముతో మాంసకృత్తులను విరుగగొట్టి, వడపోసిన తేట ద్రవములో భాస్వరమును కొలుచుట అప్పటి మామూలు పని. అందు కనబడు భాస్వరమంతయు స్వేచ్ఛగా ఉన్న అకర్బన ఫాస్ఫేటే అని అందరు నమ్మిరి. సుబ్బారావుగారికి ఇచ్చట ఒక విచిత్రము కనబడెను. శుద్ధమైన ఫాస్ఫేటు ద్రావణములో నీలిరంగు కొద్ది నిమిషములలో వచ్చి నిలిచిపోవును. కండరపు తేటలోనో, రంగు కొంత వచ్చి, పిదప చాలసేపు మెల్లమెల్లగా చిక్కనగుచు పోవును. పాత మందకొడి కారకములతో ఈ భేదము కనబడెడిది కాదు, ఏలయన వాటితో అన్ని రంగులును ఆలస్యముగానే వచ్చెడివి.

దీనిని పరికరపు దోషమని కొట్టిపారవేయుట చాల సులభము. వారు అట్లు చేయలేదు. ఆ తేటలోని భాస్వరములో చాలభాగము మరేదో పదార్థముతో బంధింపబడి ఉన్నదనియు, పరీక్షకై కలిపిన ఆమ్లమును మాలిబ్డేటును ఆ బంధమును మెల్లగా విడగొట్టుచున్నవనియు, విడివడిన కొలది రంగు పెరుగుచున్నదనియు ఊహించిరి. ఆ మరొక పదార్థమును వెదకగా అది క్రియాటిను అని తేలెను. క్రియాటిను కండరములో విస్తారముగా ఉన్నదని పందొమ్మిదవ శతాబ్దము నుండి ఎరిగినదే. అది అక్కడ ఏమి చేయుచున్నదో మాత్రము ఎవరికిని తెలియదు. ఒక క్రియాటిను అణువునకు ఒక ఫాస్ఫేటు చొప్పున కూడిన ఈ పదార్థమే ఫాస్ఫోక్రియాటిను. విశ్రాంతిగా ఉన్న కండరములో "అకర్బనము" అని ఇంతకాలము లెక్కించిన భాస్వరములో అధికభాగము నిజమునకు ఇదియే. పిల్లి కండరమును విద్యుత్తుతో ప్రేరేపించి పని చేయించగా ఇది తరిగెను; విశ్రాంతి నీయగా మరల పెరిగెను. 1927 ఏప్రిలులో ఈ సంగతి "సైన్సు" పత్రికలో వెలువడెను.

ఇచ్చట న్యాయముగా ఒక మాట చెప్పవలెను. అదే సంవత్సరము లండనులో ఫిలిప్ ఎగిల్టను, గ్రేస్ ఎగిల్టను అను దంపతులు కప్ప కండరములో ఇట్లే సులభముగా విడివడు భాస్వర పదార్థమును చూచి, "ఫాస్ఫాజెను" అని పేరు పెట్టిరి. కాని అందులో క్రియాటిను ఉన్నదని గుర్తించినది బోస్టనువారు. రెండేండ్ల పిదప 1929లో కండరమునుండి ఎ.టి.పి., అనగా ఆడినోసిన్ ట్రైఫాస్ఫేటును వేరుచేయుటలో జర్మనీలోని కార్ల్ లోమాను, బోస్టనులో ఫిస్కె, సుబ్బారావుగార్లు వేరువేరుగా కృతకృత్యులైరి. లోమాను వ్యాసము ఆగస్టులో, వీరిది అక్టోబరులో వచ్చెను. లోమాను పేరు మాత్రమే చెప్పు పాశ్చాత్య గ్రంథములును, సుబ్బారావుగారే ఒంటరిగా కనుగొనిరను మన ఉపన్యాసములును సగము చరిత్రనే చెప్పుచున్నవి. ఆయన గొప్పతనమునకు ఆ అతిశయోక్తి అక్కరలేదు.

ఈ పరిశోధనల దెబ్బకు ఒక నోబెలు సిద్ధాంతము ఒరిగెను. కండరము ముడుచుకొనుటకు కారణము లాక్టికామ్లము పుట్టుటయే అని నాడు అందరి నమ్మకము. ఆ కండర పరిశోధనలకే 1922 నోబెలు బహుమానము హిల్లు, మేయర్‌హాఫు అను ఇద్దరికి లభించి ఉండెను. 1930లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు లుండ్స్‌గార్డు అయొడో అసెటికామ్లమను విషముతో లాక్టికామ్లము పుట్టకుండ చేసినను కండరము కొంతసేపు ముడుచుకొనుచుండుట చూచెను. అంతసేపును తరుగుచుండినది ఫాస్ఫోక్రియాటిను. హిల్లు పెద్దమనసుతో ఈ మార్పును అంగీకరించి, 1932లో కండరశాస్త్రమున విప్లవము వచ్చినదని తానే వ్యాసము వ్రాసెను. 1934లో లోమాను చివరి లంకెను చూపెను: ఫాస్ఫోక్రియాటిను తన ఫాస్ఫేటును ఎ.టి.పి.గా మార్చుటకే ఇచ్చివేయుచున్నది.

విడవలూరు వంటి పెన్నా డెల్టా గ్రామములో వెనుకటి రైతు ఇంటిని తలచుకొన్నచో ఇది తేలికగా బోధపడును. పొలములో పండినది గరిసెలో ధాన్యముగా నిలువ ఉండును. దానిని దంచి బియ్యపు కుండలో పోయుదురు. పొయ్యిమీద ఎసరు మరుగునప్పుడు కావలసినది చేటలోని బియ్యము. ధాన్యము ఎంత ఉన్నను ఎసటిలో పోయుటకు పనికిరాదు. కండరమునకు చేటలోని బియ్యము ఎ.టి.పి., ప్రక్కనే ఉన్న కుండలోని బియ్యము ఫాస్ఫోక్రియాటిను, గరిసెలోని ధాన్యము క్రొవ్వును చక్కెరయు. దంపుడు పని ప్రాణవాయువుతో జరుగును. ఈ ఉపమానము ఒక చోట కుంటును: బియ్యము అన్నమైపోవును గాని, ఎ.టి.పి. ఫాస్ఫేటును పోగొట్టుకొని మరల దానినే తగిలించుకొనుచు తిరుగుచుండును. గుండెలో ఈ తిరుగుడు ఎంత వేగమైనదనగా, ఒక దినములో చేతులు మారు ఎ.టి.పి. సుమారు 6 కిలోలని లెక్కగట్టిరి. అది గుండె బరువుకు ఇరువది రెట్లు. ఏ క్షణమునను నిలువ ఉండునది మాత్రము కొన్ని సెకండ్లకు చాలునంతయే.

ఇప్పుడు క్లీవ్‌లండు ప్రయోగపు చిక్కు విడిపోవును. ధమని మూసికొనగానే ప్రాణవాయువు ఆగును, దంపుడు ఆగును. చేట ఖాళీ కాకుండ మొదట కుండ ఒలుకును. రక్తము అందని గుండెకండరములో అన్నిటికంటె ముందు పడిపోవునది ఫాస్ఫోక్రియాటినే. అంతేకాదు, అది విడివడినప్పుడు వెలువడిన అకర్బన ఫాస్ఫేటు కణములో పేరుకొని కండరపు పట్టును సడలించునని తరువాతివారు చూపిరి. గరిసె నిండియున్నను గుండె ఒక నిమిషములో ఏల చతికిలబడునో చెప్పుటకు ఈ రెండును ముఖ్య కారణములు.

ఫాస్ఫోక్రియాటినుకును ఎ.టి.పి.కిని నడుమ ఫాస్ఫేటును అందించు ఎంజైమునకు క్రియాటిన్ కైనేజు అని పేరు. అది కణము లోపలిది. కణము చచ్చి గోడ చినిగినప్పుడు రక్తములోనికి కారును. 1960లో పారిసులో డ్రేఫస్, షాపిరా మొదలగువారు గుండెపోటు వచ్చిన రోగుల రక్తములో ఈ ఎంజైము పెరుగుచున్నదని ప్రకటించిరి. అంతకుముందు 1954 నుండి మరొక ఎంజైమును కొలుచుచుండిరి గాని, అది కాలేయపు జబ్బులలో కూడ పెరిగి వైద్యుని తికమక పెట్టెడిది.

క్రొత్త పరీక్షకును ఒక లోపము ఉండెను. విడవలూరు తీరమున రాత్రియంతయు వల లాగిన జాలరి యొకడు తెల్లవారి రొమ్మునొప్పితో నెల్లూరు ఆసుపత్రికి వచ్చినాడనుకొందము. అతని రక్తములో క్రియాటిన్ కైనేజు హెచ్చుగా ఉన్నది. అది గుండెనుండి కారినదా, లేక భుజముల కండరములు నలిగి కారినదా? పిరుదుకు వేసిన సూదిమందు కూడ దీనిని పెంచగలదు. ఈ సందిగ్ధమునకు ఎంజైము నిర్మాణమే దారి చూపెను. అది రెండు భాగముల జత. కండరపు భాగమును ఎం అనియు మెదడు భాగమును బి అనియు పిలిచినచో, చేతి కండరములో దాదాపు అంతయు ఎం-ఎం జతయే. గుండెలో మాత్రము ఎం-బి జత చెప్పుకోదగినంత ఉన్నది. 1970 తరువాత ఈ ఎం-బి కొలతయే గుండెపోటు నిర్ణయమునకు ప్రధానమైన రక్తపరీక్ష అయ్యెను. నొప్పి మొదలైన నాలుగు నుండి ఎనిమిది గంటలలో అది పెరిగి, ఇంచుమించు ఒక దినమునకు శిఖరమందుకొని, రెండు మూడు దినములలో దిగిపోవును. జాలరి భుజములలో కూడ ఎం-బి కొంచెము ఉండుటచే సందిగ్ధము పూర్తిగా తీరలేదు. 2000లో ఐరోపా, అమెరికా హృద్రోగ సంఘములు గుండెపోటు నిర్వచనమును మార్చినప్పుడు ట్రోపోనిను అను మాంసకృత్తుకు అగ్రస్థానము ఇచ్చిరి. నేడు వాడుచున్నది అదియే.

హార్వర్డులో సుబ్బారావుగారికి 1930లో డాక్టరేటు వచ్చెను గాని స్థిరమైన పదవి దక్కలేదు. 1940లో ఆయన లెడర్లీ అను మందుల సంస్థకు వెళ్ళిపోయిరి. ఆ ఘట్టము మనకు బాగుగ తెలిసినదే గనుక దానిని దాటిపోవుదును. రక్తనాళములకు సంబంధించిన ఒక్క సంగతి మాత్రము చెప్పవలెను. 1945లో ఆయన నాయకత్వమున కృత్రిమముగ తయారైన ఫోలికామ్లము, రక్తములోని హోమోసిస్టీను అను పదార్థమును తగ్గించును. హోమోసిస్టీను మితిమీరిన పసిపిల్లల ధమనులు ముసలివారి ధమనులవలె గట్టిపడియుండుటను మెక్కల్లీ అను వైద్యుడు 1969లో బయటపెట్టెను. ఫోలికామ్లపు బిళ్ళ చౌక కనుక అది గుండెపోటును ఆపునని లోకము ఆశపడెను. 2006లో వెలువడిన పెద్ద పరీక్షలలో ఆ ఆశ నెరవేరలేదు. అయితే పక్షవాతము విషయమున కథ వేరు. చైనాలో రక్తపుపోటు గల 20,702 మందిపై జరిగిన పరీక్ష 2015లో ముగిసెను. పోటు మందు మాత్రమే పుచ్చుకొన్నవారిలో నూటికి 3.4 మందికి మొదటిసారి పక్షవాతము రాగా, దానితోపాటు ఫోలికామ్లము పుచ్చుకొన్నవారిలో 2.7 మందికి వచ్చెను. ఆ ప్రజల ఆహారములో ఫోలికామ్లము కలుపు ఆచారము లేదు. పిండిలోనే దానిని కలుపు దేశములకు ఈ ఫలితము వర్తించునని చెప్పుట తొందరపాటు.

సుబ్బారావుగారు 1948 ఆగస్టు 8వ తేదీ రాత్రి నిద్రలోనే గుండె ఆగి మరణించిరి. వయస్సు 53 ఏండ్లు. నాటికి గుండెపోటును రక్తపరీక్షతో గుర్తించు ఉపాయమే లేదు.

1925 పద్ధతికి కండరమును కోసి నూరవలెను. బ్రతికియున్న మనిషి గుండెకు అది పనికిరాదు. భాస్వరపు పరమాణు కేంద్రకము చిన్న అయస్కాంతమువలె ప్రవర్తించునను సంగతి ఇచ్చట ఆదుకొనెను. బలమైన అయస్కాంత క్షేత్రములో రోగిని పరుండబెట్టి, రేడియో తరంగములతో ఆ కేంద్రకములను పలుకరించినచో, ఫాస్ఫోక్రియాటినులోని భాస్వరము ఒక స్వరమునను, ఎ.టి.పి.లోని భాస్వరము వేరు స్వరమునను బదులు చెప్పును. రెంటి నిష్పత్తిని లెక్కించవచ్చును. 1990లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయపు వైద్యులు, గుండె ధమనులు ఇరుకైన రోగుల చేతికి ఒక పిడి ఇచ్చి, యంత్రములో పరుండియే దానిని బిగించి పట్టుకొమ్మనిరి. పిడి బిగించినంతసేపు ఆ గుండెలలో ఫాస్ఫోక్రియాటిను నిష్పత్తి పడిపోయెను, విడువగా మరల లేచెను. ఆరోగ్యవంతుల గుండెలలో అట్లు జరుగలేదు. పిల్లి కండరములో 1927న చూచినదే మనిషి గుండెలో కత్తి తగులకుండ చూచిరన్నమాట.

జర్మనీలోని వుర్జ్‌బర్గులో నాయ్‌బవరు బృందము 1997లో మరొక అడుగు వేసెను. గుండె సాగి బలహీనపడిన 39 మంది రోగులలో ఈ నిష్పత్తిని కొలిచి, కొన్నేండ్లు వారిని గమనించిరి. నిష్పత్తి 1.6కు తక్కువగా ఉన్నవారిలో మరణములు చాల హెచ్చుగా ఉండెను. బలహీనపడిన గుండె ఇంధనము చాలని యంత్రమను అభిప్రాయమునకు ఇది గట్టి ఊతమిచ్చెను.

మరి ఫాస్ఫోక్రియాటినునే నరములోనికి ఎక్కించరాదా అని పిల్లలు అడుగుదురు. కొన్ని దేశములలో ఎక్కించుచున్నారు. శస్త్రచికిత్సలో గుండెను నిలిపివేయు ద్రావణములలో కూడ దీనిని కలిపి చూచిరి. కాని ఈ అణువు కణపు గోడను దాటి లోపలికి పోవుట కష్టము; రోగుల ఆయువు పెరుగునని అందరు ఒప్పుకొను నిదర్శనము లేదు.

ఇంధనమును పెంచలేకున్నను ఖర్చును తగ్గించవచ్చును. బలహీనపడిన గుండెను అదలించి గట్టిగా కొట్టించు మిల్రినోను మాత్రలను దీర్ఘకాలము వాడి చూచిన పరీక్ష 1991లో వెలువడెను. మందు తిన్నవారే ఎక్కువమంది చనిపోయిరి. దానికి ఎదురుగా, గుండె వేగమును పట్టి ఉంచు బిసోప్రొలాలు, మెటోప్రొలాలు మందులను పరీక్షించిన ఫలితములు 1999లో వచ్చినవి. అంతకు పూర్వము బలహీనపు గుండెకు ఇట్టి మందులు ప్రమాదకరమని వైద్యవిద్యార్థులకు నేర్పెడివారు. వానిని తిన్నవారిలో మరణములు సుమారు మూడవ వంతు తగ్గినవి.